ఏ ఆపరేషన్ అని ఎవరూ అడగలేదు

"మీ వంట నాకు పడలేదనే చెప్పాను నర్సమ్మా. ఏమీ అనుకోకండి."

"అనుకుంట మేడం. ఎందుకనుకోను? నువ్వు బతికినవ్, గంతే చాలు అనేటంత మంచిదాన్ని కాదు నేను."

గేటు దగ్గర మేమిద్దరం మాట్లాడుకున్న చివరి మాటలు ఇవి. ఆమె లోపలికి వెళ్ళిపోయింది, నేను రోడ్డెక్కాను. ఆ తర్వాత ఆమె నాకు ఎదురుపడలేదు.

కరోనా భయం తగ్గి, జనం పనివాళ్ళను మళ్ళీ ఇళ్ళలోకి రానిస్తున్న ఏడాది అది. నేను పాతబస్తీలోని హుస్సేనీ ఆలంలో పుట్టి పెరిగాను. మా ఆయన పోయాక వంట పని పట్టుకున్నాను, ఇప్పటికీ అదే పని. అప్పట్లో పొద్దున్నే షేరింగ్ ఆటో ఎక్కి సంతోష్‌నగర్ వెళ్ళేదాన్ని. ఒకే సందులో మూడిళ్ళు. మూడూ సింగిల్ టైం. మా పనిలో సింగిల్ టైం అంటే ఒక్క పూట వండిపెట్టి వెళ్ళిపోవడం. ఫుల్ టైం అంటే పొద్దుగూకే దాకా ఆ ఇంట్లోనే పడి ఉండడం. ఫుల్ టైంలో తిండి దొరుకుతుంది గాని మాటలు కూడా దొరుకుతాయి. అందుకే నేను సింగిల్ టైమే ఒప్పుకునేదాన్ని.

ఆ మూడిళ్ళలో మధ్యది మేడం వాళ్ళది. ఆమె సర్కారు ఆఫీసులో పెద్ద ఉద్యోగం. ఆంధ్ర వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు. భర్తకు ఊళ్ళు తిరిగే ఉద్యోగం, ఇంట్లో ఉండేది తక్కువ. బడికి పోయే ఒక కూతురు, ఒక అత్తగారు. నేను ఎవరినైనా నువ్వు అనే పిలుస్తాను, మా దగ్గర అంతే. మేడం మాత్రం వంటమనిషినైన నన్ను మీరు అనేది. అత్తగారికి ఆ రెండూ నచ్చేవి కావు.

వంటమనిషికి ఎవరూ నోటితో చెప్పనక్కర్లేదు. కంచం చూస్తే తెలుస్తుంది. మేడం కంచంలో పెట్టింది పెట్టినట్టే ఉండేది. రెండు ముద్దలు తిని, ఎదపై చెయ్యి పెట్టుకుని, గోడకు ఆనుకుని అట్లాగే కూర్చునేది. ఆఫీసుకు కట్టిన డబ్బా కూడా తెల్లారి సగానికి పైగా నిండుగానే కనిపించేది. ఉప్పు ఎక్కువైందేమో అని తగ్గించాను. వాళ్ళు కారం తింటారు కదా అని పెంచాను. పప్పులో నెయ్యి పోశాను. ఏం చేసినా అంతే. చివరికి రోషమొచ్చి అడిగేశాను.

"మేడం, నా చేతి వంట నచ్చకపోతే మొకం మీదనే చెప్పు. వేరే ఇల్లు చూసుకుంట."

"అయ్యో, చాలా బాగుందండి. కడుపు నిండిపోయింది."

"రెండు బుక్కలకేనా? పిట్ట గూడ ఇంతకంటె మస్తు తింటది."

ఆమె నవ్వింది. హాల్లోంచి అత్తగారు అందుకుంది. "మా కోడలు గాలి తిని బతుకుతుందిలే నర్సమ్మా. నువ్వు గాలికి పోపు పెట్టడం నేర్చుకో."

తర్వాత బాత్రూంలోంచి కక్కుతున్న చప్పుడు వినపడడం మొదలైంది. వారంలో రెండు మూడుసార్లు. ఆడదాన్ని కదా, నాకు వెంటనే తోచింది అదే. ఒకరోజు గ్యాస్ పొయ్యి దగ్గరికి వచ్చినప్పుడు చెవిలో అడిగాను.

"మేడం, నెల తప్పినవా ఏంది? చెప్పు, పుల్లగ ఏమన్న చేసి పెడ్త."

"ఛ, అదేం లేదండీ. నాకు ఆపరేషన్ అయిపోయింది కదా."

ఆ మాట అత్తగారి చెవిన పడింది. "అవును, అయిపోయింది. ఒక్క ఆడపిల్లకే చేయించేసుకుంది మహాతల్లి. మాతో ఒక్క మాటన్నా అంది కాదు. మా వాడు కూడా నోరు మూసుకున్నాడు."

మేడం గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయింది. నేను ఇంకేమీ అడగలేదు. ఆడవాళ్ళ మధ్య ఆపరేషన్ అయిందా అంటే ఒకటే అర్థం. పిల్లలు చాలని చేయించుకునేది. మా బస్తీలోనైనా, వాళ్ళ కాలనీలోనైనా అంతే. ఎందుకు అని ఎవరూ అడగరు, ఏది అని అసలే అడగరు.

ఒకసారి పక్కింట్లో బారసాల అయింది. వంటకు నన్నే పిలిచారు. మేడం పట్టుచీర కట్టుకుని వచ్చింది. ఆడవాళ్ళంతా ఆమె చుట్టూ మూగారు. "ఎంత సన్నగా అయ్యారండీ, ఆ రహస్యమేదో మాకూ చెప్పండి" అని ఒకావిడ. "వాకింగండీ" అని ఈమె. అత్తగారు పళ్ళెం పట్టుకుని వచ్చి, అందరి ముందు, "తిను, లేకపోతే నేను నిన్ను మాడుస్తున్నానని అనుకుంటారు" అంటూ ఒక బూందీ లడ్డు చేతిలో పెట్టింది. కొసరి కొసరి ఇంకొకటి. మేడం నవ్వుతూనే తింది. కాసేపటికి నేను పెరట్లో గిన్నెలు సర్దుతుంటే వచ్చి రుబ్బురోలు మీద కూలబడింది. ఒళ్ళంతా చెమట. పట్టుచీర తడిసిపోయింది. 

"ఏమైంది మేడం? మొకం తెల్లగైంది."

"ఏం కాలేదు. తీపి పడదు నాకు. ఎవరికీ చెప్పకండి."

"పడకపోతె పడదని చెప్పరాదు? లొల్లి పోతది."

"చెప్పలేనండీ." ఆయాసంతో ఆగి, మళ్ళీ అంది. "తింటే దిగదు. తినకపోతే కళ్ళు తిరుగుతాయి. ఆఫీసులో పెద్దసారు మారాడు, రోజూ అరుపులే. ఆ అరుపులు విన్న రోజున మంచినీళ్ళు కూడా ఇక్కడే ఆగిపోతాయి. అందరి ముందు డబ్బా మూత తీయాలంటే భయమేస్తుంది నాకు."

అన్నం అంటే భయపడే మనిషిని నేను అంతవరకు చూడలేదు. ఇది దిష్టి అనుకున్నాను. మరునాడు ఎండుమిరపకాయలు తిప్పి గ్యాస్ మంట మీద కాల్చాను కూడా. ఘాటుకు ఇంట్లో అందరూ దగ్గారు, ఆమె కూడా దగ్గింది. కంచం మాత్రం మారలేదు.

చలికాలంలో ఆమెకు మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. మెట్లు దిగడానికి గోడ పట్టుకునేది. ఒకరోజు అత్తగారు, నేను కలిసి ఆమెను వీధి చివర క్లినిక్‌కు తీసుకెళ్ళాం. అక్కడ ఒక లేడీ డాక్టర్. మంచి మనిషే, కానీ బయట జనం నిండి ఉన్నారు, ఆమెకు తలెత్తే తీరిక లేదు.

"షుగర్ ఉందా? బీపీ? ఆపరేషన్లు ఏమైనా అయ్యాయా?"

"అయిందండీ. ఎనిమిదేళ్ళయింది" అంది మేడం.

"పిల్లలెంతమంది?"

"ఒక పాప."

"ఒక్క పాపకే చేయించుకున్నారా? ధైర్యమేనమ్మా మీకు."

అత్తగారు "వినండి డాక్టర్ గారూ, మీరైనా చెప్పండి" అని మొదలుపెట్టింది. మేడం నోరు తెరిచింది. పక్కనే నిలబడి నేను చూశాను, ఏదో అనబోయింది. అత్తగారి వైపు చూసి మళ్ళీ నోరు మూసుకుంది. డాక్టరమ్మ నొప్పి మాత్రలు రాసిచ్చింది. వారం తర్వాత రమ్మంది. వారం తర్వాత ఎవరూ వెళ్ళలేదు. నొప్పి తగ్గిందిగా. మాత్రలు అయిపోయినప్పుడల్లా ఖాళీ షీటు నా చేతికిచ్చేది, మెడికల్ షాపులో చూపిస్తే కొత్తది ఇచ్చేవాడు. వేసవి వచ్చేదాకా అదే సాగింది. కడుపులో మంటగా ఉందని మజ్జిగ అడిగేది. నేను పలుచగా చేసి ఇచ్చేదాన్ని.

ఒకరోజు పొద్దున ఆఫీసుకు తయారై, వంటింటి గడప దగ్గర నిలబడి, "నర్సమ్మా" అని మాత్రమే అంది. కింద పడిపోయింది. నోట్లోంచి నెత్తురు. కాఫీ మడ్డి లాంటి నల్లటి కక్కు చీర మీదంతా. అత్తగారు గుండెలు బాదుకుంటూ నిలబడిపోయింది. నేను బయటికి ఉరికి, సందు మొగన ఆగి ఉన్న ఆటోవాణ్ణి పిలిచాను.

"భాయ్, జల్ది రా! మా మేడం పడిపోయింది."

"అరే, ఖూన్ హై యే తో! ఉఠావో అమ్మా, మై పకడ్తా." నెత్తురు చూసి ఉలిక్కిపడ్డా అతను ఆగలేదు, ఇద్దరం కలిసి ఎత్తి ఆటోలో వేశాం. దారంతా హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు అతను. పేరు కూడా అడగలేదు నేను.

ఆసుపత్రిలో కుర్ర డాక్టర్ ఒకడు వచ్చి అడిగాడు. "ఇంతకుముందు సర్జరీ ఏమైనా అయిందా?"

అత్తగారే చెప్పింది. "పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఒక్కటే బాబూ. ఇంకేం లేదు."

అతను రాసుకుంటున్నాడు. మంచం మీద మేడం కళ్ళు తెరిచి నన్ను చూసింది. నా కొంగు పట్టుకుని లాగింది. గొంతు పైకి రావడం లేదు.

"నర్సమ్మా... అత్తయ్యగారిని బయట కూర్చోబెట్టండి."

ప్రాణం పోతున్న వేళ ఆ మాట ఏంది అనిపించింది. అయినా ఆ పెద్దావిడను భుజాలు పట్టుకుని బయటికి నడిపించాను. బయట బల్ల మీద కూర్చోబెడితే ఆమె నా మీద పడింది.

"ఏం పెట్టావే నా కోడలికి? ఆ నూనెలు, ఆ కారాలు... ఏం కలిపావో చెప్పు!"

"నేనేం పెట్టిన? నువ్వు తిన్నదే ఆమె తిన్నది. నీకేమన్న అయిందా?"

లోపల మేడం డాక్టర్‌కు నిజం చెప్పింది. దాంతో బతికింది. నోట్లోంచి గొట్టం దింపి నెత్తురు ఆపారు, పైనుంచి నెత్తురు ఎక్కించారు.

రెండు రోజుల తర్వాత ఫ్లాస్కులో బార్లీ నీళ్ళు తీసుకెళ్ళినప్పుడు వార్డులో ఆమె ఒక్కతే ఉంది. అప్పుడు చెప్పింది నాకు. పాప పుట్టాక ఒళ్ళు విపరీతంగా వచ్చిందట. నడవలేకపోయేదట. భర్త ఒక్కడికే చెప్పి, వేరే ఊళ్ళో గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకుందట. అంటే కడుపును గుప్పెడంత చేసి, పేగును తెచ్చి దానికి కలుపుతారు. అది అయినవాళ్ళు జన్మంతా కొంచెం కొంచెం తినాలి, మెత్తగా నమలాలి, అన్నంతో పాటు నీళ్ళు తాగకూడదు. తీపి తింటే ఒక్కసారిగా పేగులోకి జారి దడ పుడుతుంది, దాన్ని డంపింగ్ అంటారట. మోకాళ్ళకు వాడిన అట్లాంటి నొప్పి మాత్రలు ముట్టుకోకూడదట, కొత్త కడుపు దగ్గర పుండు పడుతుందట.

"మరి పిల్లల ఆపరేషన్ అని ఎందుకు చెప్పినవ్?"

"నేనలా చెప్పలేదు నర్సమ్మా. ఆపరేషన్ అన్నాను, అంతే. మిగతాది వాళ్ళే అనుకున్నారు. నాకూ అదే నయమనిపించింది. లావు తగ్గడానికి కడుపు కోయించుకుందంటే మా అత్తగారు ఊరంతా చెప్తుంది. తిండి మీద అదుపు లేనిది అంటారు. మగపిల్లాడు వద్దనుకుంది అంటే ఒక్క తిట్టుతో పోతుంది."

"ఎనిమిదేండ్లు పోయిందా గా తిట్టు?"

ఆమె కళ్ళు మూసుకుంది.

ఇంటికి వచ్చాక ఆమెకు నేను వేరేగా వండాను. చిన్న గిన్నెలో మెత్తటి అన్నం, కాస్త పప్పు, గంట ఆగి నీళ్ళు. నెమ్మదిగా ఒక్కో చెంచా. ఒకరోజు గిన్నె ఖాళీ చేసి నాకు చూపించింది, చిన్నపిల్లలా. ఆ రోజు నాకు కలిగిన సంతోషం నిజమే, అది కూడా రాయి బిడ్డా.

కానీ కాలనీ ఊరుకుంటుందా? నెత్తురు కక్కుకున్న మనిషిని అందరూ చూశారు. కారణం కావాలి. అత్తగారి దగ్గర కారణం సిద్ధంగా ఉంది. నేను వాడిన నూనె, నేను వేసిన సోడా ఉప్పు. నేను సోడా ఉప్పు ముట్టను, బజ్జీల పిండిలో కూడా. మొదట పక్కింటివాళ్ళు రేపట్నుంచి రావొద్దన్నారు. తర్వాత మూలింటివాళ్ళు. "మా పిల్లలు చిన్నవాళ్ళు, ఫికర్ ఉంటది కదమ్మా" అన్నారు. ఆఖరికి అత్తగారు కూడా నన్ను మాన్పించింది. నేను కోపంతో మేడం దగ్గరికి వెళ్ళాను, నువ్వు ఒక్క మాట చెప్పు అని. కడుపు సంగతి చెప్పనక్కర్లేదు, నర్సమ్మ వంట వల్ల కాదు అని చెప్తే చాలు. అప్పుడు తెలిసింది, పరామర్శకు వచ్చిన ఆఫీసు ఆడవాళ్ళకు, కాలనీ వాళ్ళకు అందరికీ ఆమె స్వయంగా అదే చెప్పిందని. నా వంట పడలేదని.

నన్ను చూడడానికి సిగ్గుపడిందేమో, గేటు తీయలేదు. కమ్మీల మధ్య నుంచే మాట్లాడింది. ఆ మాటలు ముందే చెప్పాను.

ఆ వైపు నాకు మళ్ళీ ఇల్లు దొరకలేదు. ఇప్పుడు కిషన్‌బాగ్‌లో వండుతున్నాను. కొత్త ఇంట్లో చేరగానే ఎవరికి ఏది పడదో అడుగుతాను. ఆడవాళ్ళు నాకు ఆపరేషన్ అయింది అంటే, ఏ ఆపరేషన్ అని అడుగుతాను. నీకెందుకు అని కొందరు కసురుకుంటారు. కసురుకోనీ. ఈ పనిలో ఇన్నేళ్ళకు నేను నేర్చుకున్నది అదొక్కటే. దాన్ని నేర్పినావిడ మీద నాకు ఇప్పటికీ కోపమే. తినేటప్పుడు ఆమె ఎట్లా తింటున్నదో అన్న ఆలోచన కూడా వస్తుంది. రెండూ ఒకే ముద్దలో వస్తాయి, ఏం చేయను.

రేణుకా, అయిపోయింది బిడ్డా. మా అక్క మనవరాలివి, చదువుకున్నదానివి, పుస్తకాల్లో రాసినట్టు మంచిగనే రాసి ఉంటవు. ఇప్పుడు మొదటి నుంచి మెల్లగ చదివి వినిపించు. కోపంల ఎక్కడన్న ఆమె పేరు నా నోట్లకెళ్ళి జారిందేమో వింట. జారి ఉంటే కొట్టెయ్.