చల్లటి ప్లగ్గులు

మా ఆయన్ని అందరూ చెవి మేస్త్రి అనేవాళ్ళు. ఏ కారు షెడ్డుకొచ్చినా ముందే విప్పేసే రకం కాదు. ఇంజన్ స్టార్ట్ చేయించి, పొడుగాటి స్క్రూడ్రైవర్ కొస దానిమీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. కాసేపయ్యాక ఫలానా చోట ఫలానాది వదులైందని చెప్పి, అప్పుడు స్పానర్ పట్టేవాడు. విప్పి చూస్తే అదే ఉండేది. ఆ పేరంటే ఆయనకి మహా ఇష్టం. ఎవరైనా అలా పిలిస్తే మొహం చేటంత అయ్యేది.

ఆ చెవులే పోయాయి. ఒక్కసారిగా పోయుంటే ఓ ఏడుపు ఏడ్చి ఊరుకునేవాళ్ళం. అలా కాదు, సన్నటి శబ్దాలు ముందు, మిగతావి తర్వాత, కొంచెం కొంచెంగా జారిపోయాయి. కాలింగ్ బెల్ వినపడేది కాదు. ఫోన్ ఎదురుగా మోగుతున్నా ఉలుకూ పలుకూ లేదు. లావు శబ్దాలు మాత్రం మిగిలాయి: లారీలు, ఉరుములు, నా తిట్లు.

ఒప్పుకుంటేగా! నేనే నోట్లో గొణుగుతున్నానని నా మీదికి తోసేవాడు. నా తల ప్రాణం తోకకొచ్చాక మా మరిదికి చెప్పాను. మరిదికి మెయిన్ రోడ్డులో కారు సామాన్ల కొట్టు ఉంది. అన్నయ్యని ఏదో పనుందని నమ్మించి చెవి డాక్టరు దగ్గరికి తీసికెళ్ళాడు. జీవితమంతా ఇంజన్ల పక్కన నిలబడ్డ చెవులివి, సన్నటి శబ్దాలు ఇక తిరిగి రావు అన్నాడు డాక్టరు. చెవికి పెట్టుకునే మిషన్ ఒకటి ఇచ్చాడు. అది పెట్టుకుని షెడ్డులోకి దిగిన రోజే ఎవరో స్పానర్ కింద పడేశారు. ఆయనకి పైప్రాణాలు పైనే పోయాయి. మిషన్ తీసి నట్లూ బోల్టులూ వేసే డబ్బాలో పడేశాడు. ఇప్పటికీ అక్కడే ఉంది.

మేముండేది షెడ్డు మీది వాటాలోనే. వంటింటి కిటికీ తెరిస్తే కింద రేకుల సందులోంచి పొగా, పెట్రోలు వాసనా, ఇంజన్ల మోతా అన్నీ పైకే. ఆ మోతలోనే వండాను, ఆ మోతలోనే నిద్రపోయాను. ఏ చప్పుడు మంచిదో ఏది కాదో నాకెవరూ నేర్పలేదు, దానంతట అదే వంటబట్టింది. ఆయన చెవులు తగ్గాక నేను కిందికి దిగి పక్కన నిలబడడం మొదలెట్టాను. కారు యజమాని నాకు చెప్పేవాడు, నేను ఆయనకి అరిచి చెప్పేదాన్ని. ఎంత అన్యోన్యమైన జంటో అని చూసేవాళ్ళు మురిసిపోయేవాళ్ళు. లోపల నాకు ఏడుపొచ్చేది.

షెడ్డు వెనక మూల తార్పాలిన్ కింద ఆయన సొంత కారు ఒకటుండేది. పాతది, రెండు తలుపులది. దాని ఇంజన్‌కి సూపర్‌ఛార్జర్ పెట్టాడు. అంటే మరేం లేదు, బెల్టుతో తిరుగుతూ ఇంజన్ లోపలికి గాలిని బలవంతంగా కుక్కే పంపు. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ మండుతుంది, బండి పిచ్చెత్తినట్టు పోతుంది, వేడీ అంతకంత పెరుగుతుంది. ఎప్పటికప్పుడు అందులో ఏదో ఒకటి మారుస్తూనే ఉండేవాడు. అంతా ఒక్క దానికోసం. ఊరవతల విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే మీద ఏడాదికోసారి కార్ల పిచ్చి ఉన్నవాళ్ళంతా చేరి ఒక్కొక్కరే బండి పరిగెత్తిస్తారు. అక్కడ తన కారుని ఒక్కసారి, ఆ చివరిదాకా, కాలు తీయకుండా తొక్కాలి. అంతే ఆయన కోరిక.

ఆ ఇంజన్ తయారీ ఎప్పుడో ఆపేశారు. పాత ఇనుము కొట్లన్నీ అన్నదమ్ములిద్దరూ జల్లెడ పట్టి పగుళ్ళు లేని బ్లాకు, అంటే ఇంజన్ మొత్తాన్ని మోసే ఇనప దిమ్మ, ఒకటి పట్టుకొచ్చారు. ఇంకోటి ఎక్కడా లేదు. అది పోతే తాను స్పానర్ కింద పెట్టేసినట్టేనని ఆయనే అనేవాడు. మాటవరసకి అంటున్నాడనుకున్నాను.

ఆ ఏడు ఇంకా వేగం కావాలని సూపర్‌ఛార్జర్‌కి చిన్న పుల్లీ, అంటే బెల్టు తిరిగే చక్రం, వేశాడు. దాంతో పంపు ఇంకా జోరుగా తిరిగి ఇంకా గాలి కుక్కింది. పెట్రోలుకి నిప్పురవ్వ పెట్టే పాత ప్లగ్గులు ఇక పనికొస్తాయా అన్న ప్రశ్న అప్పుడే వచ్చింది. మరిది మూడు రకాల డబ్బాలు తెచ్చి మా వంటింటి బల్ల మీద పెట్టాడు. అందులో ఉన్న సంగతి ఇదీ. వేడి ప్లగ్గు కొసలో వేడి నిలవ ఉంటుంది, అందుకని మసి ఎప్పటికప్పుడు కాలిపోతుంది, మెల్లగా పోయినా ఇంజన్ హాయిగా తిరుగుతుంది. కానీ పూర్తిగా తొక్కితే ఆ కొస నిప్పుకణికలా ఎర్రబడి, నిప్పురవ్వ పడకముందే పెట్రోలుని అంటించేస్తుంది. ఆ దెబ్బ పిస్టన్ నెత్తిన పడుతుంది. చల్లటి ప్లగ్గు తన వేడిని ఇంజన్‌కి అప్పజెప్పేసి కుదురుగా ఉంటుంది, పూర్తిగా తొక్కినా భయం లేదు. కాకపోతే మెల్లగా పోయేటప్పుడు మసి పట్టి మిస్సింగ్ కొడుతుంది, అంటే ఇంజన్ దగ్గుతుంది. మా పాతవి వేడి రకం, ఒక డబ్బాలో అవే. మిగతా రెండు డబ్బాల్లో ఒకటి కొంచెం చల్లనిది, రెండోది బాగా చల్లనిది.

ఆయన పాతవే ఉంచి ఊరవతల గోడౌన్ల రోడ్డు మీదికి కారు తీశాడు. పక్క సీట్లో నేను. తొక్కేసరికి పంపు ఈల మొదలైంది, ఆ ఈల అడుగున సన్నగా రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి కదిపినట్టు చప్పుడు. పెట్రోలు ముందే అంటుకుంటున్న చప్పుడది. ఆయన భుజం మీద తట్టాను. కాలు తీసి ఏంటన్నాడు. చెప్పాను. అలాంటిదేం లేదన్నాడు. నేను మొహం మాడ్చుకుని కూర్చున్నాను. కారు పక్కకి ఆపి, ఇంజన్ ఆపి, స్టీరింగ్ మీంచి చేతులు తీసి నావైపు తిరిగాడు.

"నిజంగా వినపడిందా నీకు?" అన్నాడు.

"వినపడిందండీ."

"అయితే మళ్ళీ పోదాం. వినపడగానే తట్టు. నేను కాలు తీసేస్తాను."

తన చెవులు పోయాయని ఆయన ఒప్పుకోవడం అదే మొదలు. ఆ తర్వాత రోజూ అదే పని. ఆయన తొక్కడం, నేను చెవులు రిక్కించుకుని కూర్చోవడం, తట్టడం. కొంచెం చల్లటి ప్లగ్గులేస్తే చప్పుడు ఆలస్యంగా వచ్చింది కానీ వచ్చింది. బాగా చల్లటివి వేశాక రోడ్డు చివరిదాకా తొక్కినా నాకు ఈల తప్ప ఇంకేం వినపడలేదు. నా చెయ్యి నా ఒళ్ళోనే ఉంది. ఆయన నావైపు చూసి నవ్వాడు. దాచడమెందుకు, పెళ్ళయ్యాక ఇద్దరం అంత సంతోషంగా ఉన్న రోజులు నాకు ఇంకేవీ గుర్తులేవు.

తిరిగొచ్చేటప్పుడు బజారు వీధి ఇరుకులో ఆ చల్లటి ప్లగ్గులకి మసి పట్టి బండి దగ్గడం మొదలెట్టింది. స్టీరింగ్ వణికిపోయింది. ఆయన మొహం చూడాలి, ఎవరో తిట్టినట్టు అయిపోయింది. మూల్గుతున్న ఇంజన్‌ని తన చేతుల్తో పట్టుకు తిరగడం ఆయన వల్ల కాదు. నాకు వినపడే జబ్బు ఆయనకి వినపడదు, ఈ జబ్బు మాత్రం అరచేతులకి తెలుస్తోంది. అక్కడే వచ్చింది చిక్కంతా. మసే కదా, రన్‌వే మీద తొక్కగానే కాలిపోతుందని నెత్తీ నోరూ బాదుకున్నాను. సరే, నీ చెవి మాటే వింటానన్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. రన్‌వే దగ్గర కార్లు బారులు తీరి ఉన్నాయి. కారులో నడిపేవాడు ఒక్కడే ఉండాలట, పక్కన మనిషి కూడదట. అది ముందే తెలుసు మాకు. తట్టే అవసరం ఉండదనే కదా చల్లటివి బిగించుకుని వెళ్ళింది. వరస చీమలబారులా కదులుతోంది. ఇంజన్ ఆపితే మళ్ళీ అంటుకోదేమోనని ఆయన భయం. అందుకని ఆ ఎండలో దాన్ని తిప్పుతూనే ఉన్నాడు. మసి పట్టింది, దగ్గు మొదలైంది. వెనక కారువాళ్ళు ఏదో అనుకుని నవ్వుకున్నారు. ఆ నవ్వు ఆయనకి వినపడలేదు కానీ కనపడింది.

నేనూ మరిదీ తాడు అవతల నిలబడి చూస్తుండగానే ఇంజన్ ఆపి బోనెట్ ఎత్తాడు. జేబులోంచి పాత ప్లగ్గుల డబ్బా తీశాడు. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే జేబులో వేసుకున్నాడన్నమాట. అది తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది నాకు. తాడు దాటి ఇద్దరం పరిగెత్తాం. అన్నయ్యా అవి వద్దు అని మరిది చెయ్యి పట్టుకున్నాడు, ఆయన విదిలించుకున్నాడు. చేతికి గుడ్డ చుట్టుకుని, కాలుతున్న ప్లగ్గులు ఒక్కోటీ విప్పి ఆ పాత వేడి రకం బిగించేశాడు. తట్టడానికి నేను పక్కన ఉండను కదండీ అన్నాను. కళ్ళు మూసి తెరిచేలోపు అయిపోతుందిలే అన్నాడు. స్టార్ట్ చేసి నా చెయ్యి పట్టుకుని బోనెట్ మీద ఆనించాడు.

"చూడు, ఎంత హాయిగా ఉందో."

నిజంగానే హాయిగా ఉంది. నిద్రపోతున్న పిల్లాడి వీపులా మెత్తగా కదులుతోంది. ఈలోగా ముందు కారు వెళ్ళిపోయింది, ఆయన్ని రమ్మని చెయ్యి ఊపారు.

బయల్దేరాడు. ఈల లేచింది. మా ముందునుంచి దూసుకుపోయేటప్పుడు విన్నాను, గులకరాళ్ళు. తాడు పట్టుకుని పక్కనే పరిగెడుతూ ఆపండి, ఆపండి అని అరిచాను. నా జన్మలో అంత గట్టిగా అరవలేదు. జనం అంతా నావైపు తిరిగి చూశారు. ఆయన తలకి హెల్మెట్, అది లేకపోయినా ఏం లాభం. దూరంగా ఢామ్మని ఒక చప్పుడు, వెనక నీలం పొగ. కారు దానంతట అదే నెమ్మదించి, రన్‌వే ఆ చివర గడ్డిలో ఆగింది.

మేం చేరేసరికి ఆయన ప్లగ్గు ఒకటి విప్పి గుడ్డలో పట్టుకుని చూస్తున్నాడు. తెల్లటి పింగాణీ చిట్లిపోయింది, దానిమీద ఇసకంత వెండి చుక్కలు. పిస్టన్ కరిగి పట్టిందది. పక్కన బ్లాకులో చెయ్యి పట్టేంత బొక్క. మరిది ఒక్కసారి వంగి చూసి, దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. ఆయన నా పెదాలవైపు చూస్తూ అడిగాడు.

"మోగిందా?"

మోగిందన్నాను.

"మరి చెప్పలేదేం?"

"అరిచానండీ."

"గట్టిగానా?"

"అందరికీ వినపడింది."

ఆయన తలూపాడు. ప్లగ్గుని గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. కాసేపయ్యాక, చేతికి మాత్రం ఏమీ తెలియలేదే, ఎంతో బాగా పోయిందే అన్నాడు నాతో కాకుండా ఎవరితోనో అన్నట్టు.

మరిది ఇంకో బ్లాకు కోసం తిరగని చోటు లేదు. దొరకలేదు. దొరికినా ఈయన వద్దన్నాడు. షెడ్డు షట్టర్ దించేశాడు, నేను ఎంత పోరినా మళ్ళీ ఎత్తలేదు. కొన్నాళ్ళు పాత ఖాతాదార్లు వచ్చి కింద నిలబడి పిలిచేవాళ్ళు. నేనే కిటికీలోంచి లేరని చెప్పేదాన్ని. చెవి మేస్త్రి అని పిలిచేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. పొద్దస్తమానం వంటింటి బల్ల దగ్గర, నా పక్కనే కూర్చుంటాడు. ఆ మాటా ఈ మాటా చెప్పి చూస్తాను, ఊ కొడతాడు. ఊ కొట్టింది మాటకో, నా పెదాలు కదిలినందుకో నాకు తెలియదు.

ఒక్కోసారి భోజనం చేస్తుండగా కింద రోడ్డు మీద ఏదో కారు పోతుంది. దాని ఇంజన్‌లో అదే గులకరాళ్ళ చప్పుడు. నా చెయ్యి దానంతట అదే లేచి ఆయన భుజం మీద తడుతుంది. ఆయన ఉలిక్కిపడి, కుడికాలు నేలమీంచి ఎత్తి, నావైపు చూస్తాడు.

ఏం లేదు, తినండి అంటాను.