ఇరవయ్యేడో నంబరు

రోజూ పొద్దున్నే తడిగుడ్డ పట్టుకుని ఇల్లంతా సుద్దగీతలు తుడవడం ఆవిడకు పదకొండేళ్ల అలవాటు. ఇప్పుడు తుడవడానికేమీ లేదు. గీసే మనిషి పోయి మూడు నెలలయింది.

సుద్దముక్క లేకుండా ఆవిడ భర్తను ఎవరూ చూసి ఎరగరు. చొక్కా జేబులో ఒకటి, చెవి మీద ఒకటి. చవగ్గా వస్తోందని పాతబడ్డ పెద్ద ఇల్లు కొన్నారు. కొనేసరికి దాచుకున్నదంతా ఊడ్చుకుపోయింది; బాగు చేయించడానికి సుద్దముక్కే మిగిలింది. ఎక్కడ పగులు కనిపించినా చుట్టూ సున్నా చుట్టి లోపల నంబరు వేసేవారు; ఆవిడ తుడిచినా మళ్లీ అదే నంబరు. నాలుగు డబ్బులు చేరగానే వరసలో ఉన్న నంబరుకి మేస్త్రీ వచ్చేవాడు, అవి అయిపోగానే వెళ్లిపోయేవాడు. ఒకసారి ఆరు మెట్లు కట్టేసరికి డబ్బయిపోయి, ఏడో మెట్టు నుంచి ఆర్నెల్లు నిచ్చెనే గతయింది.

"అప్పు చేసి ఒక్కసారే కానిచ్చెయ్యకూడదా బావా?" అన్నాడు ఆవిడ తమ్ముడు, గోడకి చేరగిలబడి.

"అప్పుతో వేసిన కప్పు కింద నాకు నిద్ర పట్టదోయ్."

నిద్ర తమ్ముడికి పట్టింది. లేచి అద్దం చూసుకుంటే బట్టతల మీద సున్నా, అందులో పద్నాలుగు.

"ఇదేంటి బావా!"

"గోడకీ నీకూ తేడా తెలీలేదోయ్. రెండూ పెచ్చులూడినవే కదా!"

వంటిల్లు దగ్గరే ఆవిడకు ఒళ్లు మండేది. వంటగట్టు మరీ పొట్టి. వంగి వంగి నడుం పడిపోయేది. దాని నంబరు చూస్తే ఇరవయ్యేడు, అన్నిటికన్నా చివర. అది చాలదన్నట్టు, ఆవిడ కూర తరుగుతుంటే పిల్లిలా వెనకనుంచి వచ్చి, మోచేతి పక్కన గోడ మీద ఓ గీత గీసి పోయేవారు.

"అక్కడేం పగిలిందండీ?"

"పగలకముందే చూసుకోవాలోయ్."

"నా నడుం విరిగాక వస్తుందేమో మీ ఇరవయ్యేడు!"

"వరస తప్పితే ఇల్లు ఊరుకోదు."

ఆవిడ తుడిచేసేది. మర్నాటికి గీత మళ్లీ హాజరు.

ఇరవయ్యారో నంబరు వంటింటి కప్పు. అది కారడం ఆగిన పది రోజులకే ఆయన మంచం పట్టారు. మిగిలిన డబ్బు ఆసుపత్రి తినేసింది. ఇక ఈ జన్మకి పొట్టిగట్టే అనుకుని ఆవిడ సరిపెట్టుకుంది.

ఓ పొద్దున మేస్త్రీ తోపుడుబండి మీద గోనెపట్టాలు చుట్టిన నల్లబండతో వాకిట్లో నిలబడ్డాడు.

"వద్దు మేస్త్రీ, నా దగ్గర డబ్బుల్లేవు. తీసుకుపో."

"ఎక్కడికి తీసుకుపోనమ్మా? పదకొండేళ్లుగా మా పెరట్లో ఇదే అడ్డం. మా ఆవిడ దీనిమీదే బట్టలుతుకుతోంది. అయ్యగారు అన్నిటికన్నా ముందు డబ్బు కట్టింది దీనికే, నా కూలితో సహా."

"దీనికా? చివరి నంబరుకా?"

"నేనూ అదే అడిగానమ్మా. 'ముందు పెడితే మా ఆవిడ తన వంతు వేరే పనికి వదిలేస్తుంది. వెనక పెడితే డబ్బు మిగలదు. అందుకే డబ్బు ముందు, పని వెనక' అన్నారు. ఎలాగూ కప్పు కారడం ఆగందే బండ వెయ్యకూడదు కదా."

ఆవిడ గుమ్మం దిగి బండి దగ్గరికొచ్చింది. మేస్త్రీ గోనెపట్టాలు విప్పుతూ అందుకున్నాడు:

"కూలి రేటు పెరిగింది అయ్యగారూ అన్నాను ఓసారి. 'ఇన్నేళ్లు నా బండ వాడుకున్నావు, అద్దె కట్టు' అన్నారమ్మా!"

మూడు నెలల తర్వాత ఆవిడకు మొదటిసారి నవ్వొచ్చింది.

మేస్త్రీ వంటింట్లోకి వచ్చి, ఆయన ఎప్పుడో కొలిచిచ్చిన ముడివేసిన తాడు జేబులోంచి తీసి గోడకి ఆనించి, సుద్దముక్కతో గీత గీశాడు. అదే చోటు. అదే ఎత్తు.

"మీ మోచెయ్యమ్మా. దీనికి బెత్తెడు కింద గట్టు రావాలి. మీరేమన్నా పెరుగుతారేమోనని రోజూ కొలిచేవారు." తల గోక్కున్నాడు. "నంబరు వెయ్యమంటారా? ఇప్పుడిది ఒకటో నంబరేగా."

"ఇరవయ్యేడే వెయ్యి. వరస తప్పితే ఇల్లు ఊరుకోదు."

నాలుగు రోజుల్లో పని ముగిసింది. ఆవిడ తడిగుడ్డ తీసుకుని బండ తుడిచింది, సిమెంటు మరకలు తుడిచింది, నడుం వంచకుండానే గోడంతా తుడుచుకుంటూ గీత దాకా వచ్చి ఆగింది.

గుడ్డ పిండి, తీగమీద ఆరేసింది.