చామంతికి పరిచిన పక్క

మొన్న మదనపల్లెలో ఒక పరుపుల కొట్లో, నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే ఒక పరుపు మీద ధబీమని మోకాళ్ళ మీద పడ్డాను. అంతవరకూ ఐదు పొరల గురించీ కొబ్బరిపీచు గురించీ నడుముకు దొరికే సుఖం గురించీ చెప్పి చెప్పి నోరెండబెట్టుకున్న కొట్టాయన బిత్తరపోయాడు. "ఏమ్మా, కండ్లు తిరిగినాయా? నీళ్ళు తెమ్మందునా?" అంటూ లేచాడు. ఏమీ లేదప్పా, కింద బల్ల తగులుతుందా లేదా అని చూస్తున్నానన్నాను. మా పుంగనూరు మామకు మోకాలి ఆపరేషన్ అయింది. మళ్ళీ మళ్ళీ డాక్టరు దగ్గరికి తిరగాలి గనక నెల రోజులు మా ఇంట్లో ఉంటాడు. పరుపు ఆయన కోసమే. ఈ మోకాళ్ళ పరీక్ష కూడా నేను ఆయన ఇంట్లోనే నేర్చుకున్నాను. అది ఒక గుర్రం ఈనడానికి పక్క పరిచే సందర్భంలో.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. పుంగనూరులో షామియానా కొట్టు. పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ తప్ప పెళ్ళికి కావలసినదంతా ఆయన దగ్గర దొరికేది. నేను ఆ ఊరి బడిలో పాఠాలు చెబుతూ వాళ్ళింట్లోనే ఉన్న రోజుల్లో, పెళ్ళికొడుకుల ఊరేగింపు కోసమని కుప్పం దగ్గరి పల్లె నుంచి ఒక తెల్ల ఆడగుర్రాన్ని తెచ్చాడు. మనుషుల పేర్లు చెబితే రేపు ఏ పెళ్ళిలోనో నిలదీస్తారు. గుర్రం అడగదు గనక చెబుతున్నాను, దాని పేరు చామంతి. అమ్మినాయన ఒకప్పుడు జట్కా తోలిన పెద్దాయన. పగ్గం చేతికిస్తూ, అది చూలుతో ఉందని చెప్పి, ఇంకో మాట కూడా చెప్పాడు. "పోయినతూరి బండల మింద ఈనింది అప్పా. పిల్ల లేస్తాది, జారతాది. మల్లా లేస్తాది, మల్లా జారతాది. పాలకాడికి పోలేక సచ్చిపాయ. ఈతూరి దాని పక్క బాగా సూసుకో." చెప్పి, ముఖం అటు తిప్పుకున్నాడు. మామ ముఖం పాలిపోయింది. ఎందుకంటే చామంతి వస్తోందన్న సంబరంలో ఆయన పశువుల కొట్టానికి నున్నటి కడప బండలు పరిపించి అప్పటికి వారం కూడా కాలేదు.

ఇక్కడ మా మామ గొప్పతనం ఒకటి చెప్పాలి. ఆయనకు పొట్టి పుంగనూరు ఆవులు తరతరాలుగా ఉన్నాయి. ఆవు ఈనడమంటే ఆయనకు కాఫీ తాగినంత పని. దాంతో గుర్రమంటే కాస్త పొడుగు ఆవు అనుకున్నాడు. ఉగాదికి దాటించినామని పెద్దాయన చెప్పిన మాట పట్టుకుని వేళ్ళ మీద తొమ్మిది నెలలు లెక్కవేసి, కేలండర్లో ఎర్రగా సున్నా చుట్టాడు. పశువుల డాక్టరమ్మ గుర్రానికి పదకొండు నెలలని ఎంత చెప్పినా వినలేదు. "ఆవుకు తొమ్మిది, మనిసికి తొమ్మిది, దీనికి మాత్రం పదకొండు యాల? అదేమన్నా ఏనుగా?" అన్నాడు. ఆ మొండితనం వల్ల మా ఇంట్లో పురిటి పక్క రెండు నెలల ముందే పరుచుకుంది. ఆ రెండు నెలలూ మా అత్త ఎలా భరించిందో దేవుడికే తెలియాలి.

మొదటి పక్క రాగిగడ్డి. బండలు కనపడకుండా మోపులు మోపులు పరిచి, చేతులు దులుపుకుని పడుకున్నాడు. పొద్దున లేచి చూస్తే బండలు తళతళా మెరుస్తున్నాయి. పక్క మొత్తం చామంతి కడుపులో ఉంది. మళ్ళీ పరిచాడు, మళ్ళీ తినేసింది. చూలు పశువుకు మేత ఎక్కువైతే దూడ పెద్దదై అడ్డం పడుతుందని ఆవుల శాస్త్రం ప్రకారం ఆయన దానికి అరకొరగా వేస్తున్నాడు. అది తన లోటు తాను పూడ్చుకుంటోంది. ఆ సంగతి మాకప్పుడు తట్టలేదు. దుర్మార్గపు గుర్రం, పక్క తినే గుర్రం అని వీధంతా చెప్పుకున్నాం, పాపం.

తర్వాత మిల్లు నుంచి చెనక్కాయ పొట్టు వచ్చింది. చామంతి దాన్ని ఏరుకుని తిన్నంత తిని, మిగతాదాంట్లోని దుమ్ముకు దగ్గు తెచ్చుకుంది. ఆ మీదట రంపప్పొట్టు. మెత్తగా, ముట్టుకుంటే చేయి తీయబుద్ధి కాకుండా ఉంది. ఎంత మెత్తగా ఉందో చూద్దామని మామ మధ్యాహ్నం భోజనం చేసి దాని మీద వాలాడు. సాయంత్రం పాలు పితకడానికి పోయిన అత్తకు, గుర్రం ఒక మూల నిలబడి వింతగా చూస్తుండగా, నిండా పొట్టు పూసుకుని గురకపెడుతున్న మొగుడు కనిపించాడు. "ఏమయ్యా, ఈనేది నువ్వా, అదా?" అంది. డాక్టరమ్మ వచ్చి, తడితడిగా పుట్టే పిల్ల ముక్కుల్లోకీ బొడ్డుకూ ఈ పొడి అంటుకుంటుందని, ఎత్తేయమని చెప్పి పోయింది.

అప్పుడు మామకు షామియానా బుద్ధి పుట్టింది. కొట్లోంచి పెళ్ళి మంటపాల్లో పరిచే ఎర్ర తివాచీ తెచ్చి బండల మీద పరిచాడు. చామంతి దాని మీద చేయవలసిందంతా చేసింది. ఎంత ఉతికినా ఏం లాభం, ఆ వారమే ఆ తివాచీ ఒక ముహూర్తానికి పోవలసి వచ్చింది. చామంతి పురిటి సెలవులో ఉంది గనక ఆ పెళ్ళికి గుర్రం లేదు. అయినా పెళ్ళికూతురి తాతగారు ముక్కు ఎగబీల్చి, "గుర్రం ఈడే యాడో ఉండాది, కట్టేసి రాపోండి" అని తలంబ్రాల దాకా అంటూనే ఉన్నారు. మామ ఆ పెళ్ళిలో భోజనం చేయకుండా ఇంటికొచ్చేశాడు.

ఆ రోజు ఆయన కొట్టంలో ఒక్కడే కూర్చుని ఉండడం చూశాను. నవ్వించబోయాను గానీ నవ్వలేదు. "పాపా, ఇది గూడా జారి సచ్చిపోతే ఆ పెద్దాయనకు నా మొగం యెట్ల సూపించేది?" అన్నాడు. నాకు బాధేసింది. ఆయనకు చెప్పకుండా నేనే కుప్పం పెద్దాయనకు ఫోన్ చేశాను.

ఆయన మర్నాడు బస్సు దిగి వచ్చాడు. ముందు పక్క చూడలేదు, మేత తొట్టి చూశాడు. "కడుపు నిండా ఏస్తే పక్క యాల తింటాది అప్పా?" అన్నాడు. అత్త మామ వైపు చూసిన చూపు నేనిక్కడ రాయలేను. తర్వాత ఆయన చెప్పినట్టే కొన్ని బండలు పెకలించి, ఇసుక పోసి, నిమ్మనపల్లె నుంచి నేను ఆటోలో వేయించుకొచ్చిన పొడుగాటి వరిగడ్డిని విదిలించి, దుమ్ము రాలగొట్టి, లోతుగా పరిచాం. గోడల వెంబడి గట్టులాగా ఎత్తుగా పేర్చాం. అయిపోయిందని మామ అంటే, "యాడయిపాయ? మోకాళ్ళ మింద పడి సూడు. నేల తగిలిందంటే సాల్లేదనే" అన్నాడు. మామ పడ్డాడు. టక్కుమంది. ఇంకో మోపు వేశాం. పడ్డాడు, టక్కుమంది. అలా ఆ కొట్టం నాలుగు మూలలా ఎన్నిసార్లు పడ్డాడో. చివరికి శబ్దం లేకుండా పడి, అక్కడే కూర్చుని, మా అందరి వంకా చూసి నవ్వాడు. తడిసిన గడ్డి రోజూ తీయడం, కొత్తది వేయడం, మోకాళ్ళ మీద పడడం అప్పటి నుంచి ఆయనకు సంధ్యావందనమైపోయింది.

శివరాత్రి దాటింది. చలి శివశివా అంటూ పోయింది. సరిగ్గా పదకొండు నెలలు నిండిన నాలుగో రోజు, పాల వేళకు, చామంతి ఈనింది. మామ పరుగున వచ్చి పిల్లను చూసి గుండెల మీద చేయి వేసుకున్నాడు. "నల్లగా ఉండాదే!" పెళ్ళిళ్ళకు తెల్ల గుర్రాల జత అని ఆయన మనసులో కట్టుకున్న మేడ అది. "పిల్ల లేస్తాదో లేదో సూడమంటే రంగు సూస్తావేమయ్యా" అంది అత్త. అంతే, అందరం పిల్ల వైపు తిరిగాం. పిల్ల నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు పెట్టి లేవబోయి పడింది. గడ్డిలో కూరుకుంది గానీ దెబ్బ తగల్లేదు. మళ్ళీ లేచింది, గోడ వైపు తూలింది, గట్టు ఆపింది. మూడోసారి పడినప్పుడు మామ కళ్ళు మూసుకున్నాడు. నాలుగోసారి అది నిలబడింది. వణుకుతూ, తల్లి ముందుకాళ్ళ దగ్గర వెతికి, పొట్ట కింద వెతికి, ఆఖరికి దొరకవలసింది దొరికించుకుంది. ఆ చప్పరింపు విని మామ చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. అత్త మాత్రం "కండ్లు మూసుకుంటివే, లేసింది సూన్లేదు గదా!" అంది, కొంగుతో ముఖం తుడుచుకుంటూ.

ఫోన్‌లో కుప్పం పెద్దాయన రంగు సంగతి విని నవ్వాడట. తెల్ల గుర్రాలు నల్లగానే పుడతాయని, ఏళ్ళు పోనిస్తే అదే తెల్లబడుతుందని చెప్పాడట. మామ నమ్మలేదు. ఆవుల్లో అలా ఉండదుగా.

పరుపు బేరం కుదుర్చుకుని మామకు ఫోన్ చేశాను. "మోకాళ్ళ మింద పడి సూసినావా?" అన్నదే మొదటి ప్రశ్న. చూశాను మామా, నేల తగల్లేదన్నాను. "నేనే వచ్చి పడి సూద్దును పాపా, ఈ కాలు ఒప్పుకోలా" అన్నాడు. తర్వాత గొంతు మార్చి, కొత్త ఫోటో పంపానని, చూడమని చెప్పాడు. చూశాను. ఆ నల్ల పిల్ల ఇప్పుడు తల్లిని మించిన తెలుపు. దాని మెడ మీద చేయి వేసుకుని, కర్ర పట్టుకుని మామ నిలబడి ఉన్నాడు, మీసం కూడా అదే తెలుపు. వాళ్ళిద్దరూ ఎప్పుడు తెల్లబడ్డారో, రోజూ చూసిన అత్తకే తెలియలేదట, ఇక దూరాన ఉన్న నాకేం తెలుస్తుంది?