ఐదు రోజుల పాసు

మా ఆయన దర్జీ. ముప్ఫై ఏళ్ళలో గుడ్డ మీటర్ల లెక్కన కొన్న పాపాన పోలేదు. గుడ్డ తాను మొత్తం కొంటే చవక అంటారు. నిజమే, కాదనను. కానీ నాలుగేళ్ళుగా మా ఇంట్లో కర్టెన్లు, దిండు గలేబులు, నా నైటీలు అన్నీ ఒకే బూడిదరంగు చారలు. కాజాలు కుట్టేదాన్ని నేనే కాబట్టి, కళ్ళు మూసుకున్నా ఆ చారలే.

ఈ తాను తెలివి రైలు దాకా వస్తుందని మాత్రం అనుకోలేదు.

మా అక్కకి గొంతు ఆపరేషన్, బుధవారం పొద్దున. ఆ తర్వాత ఇక మాట రాదని డాక్టరు ముందే చెప్పేసింది. ఆలోగా పక్కన కూర్చుని తన మాట తనివితీరా వినాలి. నాకు కావలసింది అంతే. సోమవారమే వెళ్దామన్నాను. మూడు గంటల దారి, మనిషికి పోను ఆరువందలు, రాను ఆరువందలు.

మా ఆయన స్టేషన్‌కి వెళ్ళి రెండు పాసులు పట్టుకొచ్చారు. ఒక్కొక్కటి పద్దెనిమిది వందలు.

"ఐదు రోజులు ఎన్ని రైళ్ళైనా ఎక్కొచ్చు," అన్నారు, ఏదో ఘనకార్యం చేసినట్టు.

"మనం ఎక్కేది రెండే కదండీ?"

"అందుకే మధ్యలో ఇంకో ఊరు చూద్దాం. అప్పుడు గిట్టుబాటవుతుంది."

నెత్తీనోరూ బాదుకున్నా వినలేదు. సోమవారం పాసింజరెక్కి దిగింది బట్టల మిల్లున్న ఊళ్ళో. ఆయన మిల్లు దుకాణాల్లో గుడ్డ అంచులు నలిపి చూసుకుంటూ తిరిగితే, చెప్పులు కరిచి నేను వెనక కుంటుకుంటూ నడిచాను. "ఎక్కడున్నారే?" అని అక్క ఫోన్ చేస్తే నిజం చెప్పడానికి సిగ్గేసింది. దారిలో ఉన్నామన్నాను.

మంగళవారం రెండింటి రైలు ఎక్కబోతుంటే టికెట్ కలెక్టరు ఆపాడు. పాసు వెనక చిన్నక్షరాల మీద వేలు పెట్టి చూపించాడు. వేగంగా పోయే బళ్ళలో అది చెల్లదట. పాసింజరు ఎక్కితే చేరేసరికి ఏడున్నర. ఆస్పత్రిలో ఆరు దాటితే ఎవర్నీ రానివ్వరు.

"విడిగా టికెట్లు కొనండి," అన్నాను.

"చేతిలో పాసు పెట్టుకుని మళ్ళీ కొనడమేంటి? పాసింజర్లో పోదాం. బతిమాలితే పంపరా?"

"ఆస్పత్రి వాళ్ళు గుడ్డల కొట్టువాళ్ళనుకున్నారా, బేరమాడితే దిగిరావడానికి?"

నా కాజాల డబ్బుతో నాకొక్కదానికే టికెట్ కొనుక్కుని ఎక్కేశాను. "పాసు దండగైపోతుందే!" అని ఆయన ప్లాట్‌ఫారం మీద అరుస్తూనే ఉన్నారు.

అక్క మంచం దగ్గరికి చేరేసరికి ఐదూ ఇరవై. నన్ను చూడగానే తన మొహం విప్పారింది. "వచ్చావా?" అంది. నా ఒళ్ళు ఇంకా మండుతూనే ఉంది. కూర్చుంటూనే మొదలుపెట్టాను. పాసు, మిల్లు, చెప్పులు, టికెట్ కలెక్టరు, చిన్నక్షరాలు, ఈయన మొండితనం. అక్క గొంతు పట్టుకుని నవ్వింది. నవ్వుతోంది కదా అని ఇంకా చెప్పాను. రెండుసార్లు ఏదో అనబోయింది. "ఉండక్కా, ఇది విను," అని నేనే ఆపాను.

ఆరింటి గంట మోగింది. నర్సు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఇంతకీ టికెట్టు ఎంతయిందే?" అంది అక్క.

"నాలుగువందల యాభై," అన్నాను. నర్సు నన్ను బయటికి నడిపించింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆయన మీద కోపం నాకింకా చల్లారలేదు. కానీ ఆ నలభై నిమిషాలు ఆయన పాడుచేసినవి కావు. అక్క ఇప్పుడు ఏం చెప్పాలన్నా కాగితం మీద రాస్తుంది. ఆ రోజు రెండుసార్లు ఏం చెప్పబోయావక్కా అని మొన్న అడిగాను. పెన్ను పట్టుకుని చాలాసేపు ఆలోచించింది. గుర్తు లేదే అని రాసింది.