సార్ జేబులో నలుపు

బాలానగర్‌లోని మా బళ్లో జరిగిన మహాయుద్ధం గురించి చెబుతాను. యుద్ధమంటే మరీ యుద్ధం కాదు, మూడో తరగతి డ్రాయింగ్ పీరియడ్.

మా డ్రాయింగ్ సార్‌ది టెంపరరీ ఉద్యోగం. ఆయిల్ పేస్టల్ పెట్టెలు పంచగానే చొక్కా జేబు తెరిచి పట్టుకుని, "నలుపు నాకియ్యుండ్రి" అంటూ బెంచీల మధ్య తిరిగేవారు. చేతిలో నలుపుంటే ఎవరూ నీడను చూడరని, చూడకుండానే నల్లగా పులిమేస్తారని ఆయన బాధ.

ఆయన్ని ఉంచాలో తీసెయ్యాలో తేల్చడానికి ఒకరోజు ఇన్‌స్పెక్టర్ వచ్చారు. వచ్చీ రాగానే నా బర్రె బొమ్మ ఎత్తి పట్టుకున్నారు.

"బర్రె నీడ ఊదా రంగుంటదా?"

సార్ చేతిలో చాక్‌పీసు విరిగింది. ఎవరూ కదల్లేదు. ఫ్యాన్ లేదు కనుక అదీ కదల్లేదు. సార్‌ని కాపాడదామని నేనే లేచాను.

"నలుపు సార్ జేబుల ఉంది సార్."

"పిల్లల రంగులు జేబులేస్కుంటరా మీరు?"

సార్ జేబు బోర్లించారు. రేకుల గది వేడికి నలుపులన్నీ కలిసి ఒకటే ముద్దయ్యాయి. ఆయన దాన్ని పట్టించుకోకుండా కిటికీ వైపు చెయ్యి చూపారు.

"జర ఆ సున్నం గోడ నీడ చూడుండ్రి సార్. ఏం రంగున్నది?"

ఇన్‌స్పెక్టర్ చాలాసేపు చూశారు.

"ఊదా లెక్కనే ఉన్నది," అన్నారు, నేరం ఒప్పుకుంటున్నట్టు.

సార్ ఉద్యోగం నిలిచింది. ఆ నీడే నిలబెట్టిందని చాన్నాళ్లు నమ్మాను. ఆ పోస్టుకు ఇంకెవరూ దరఖాస్తు పెట్టలేదని తర్వాత హెడ్మాస్టర్ చెప్పారు.