కీటో కొండ మీద నా స్పానిష్

ఉద్యోగంలో చేరి రెండేళ్ళయినా నిండని ఆ కాలంలో, నాకు రాని విద్య లేదని గట్టి నమ్మకంతో తిరిగేదాన్ని. కాపెల్ అనే ఊళ్ళో ఒకే అపార్ట్‌మెంట్‌లో ముగ్గురం ఉండేవాళ్ళం. మా ఇద్దరికంటే కాస్త పెద్దదైన వరంగల్ అక్క, ఏ ట్రిప్పయినా గంటల లెక్కన ప్లాన్ చేసే కెప్టెన్ (ఆ బిరుదు మేమిచ్చిందే), నేను. నలభై రోజులు ఫోన్‌లో స్పానిష్ నేర్చుకున్నాను, రోజూ పొద్దున్నే మూడు మైళ్ళు పరిగెత్తేదాన్ని. ఈ రెండు అర్హతలతో, థాంక్స్‌గివింగ్ సెలవులకి ఈక్వడార్ రాజధాని కీటో వెళ్దామని వాళ్ళని ఒప్పించాను. "నీకు భాషొచ్చు కదా, ఇంక భయమేంటి" అంది కెప్టెన్. వినయంగా నవ్వాను.

మొదటి రెండు రోజులూ హాయిగా గడిచాయి. పాత ఊళ్ళో తెల్లటి చర్చిలు చూశాం, ఊరి బయట భూమధ్యరేఖకి అటొక కాలు, ఇటొక కాలు పెట్టి ఫొటోలు దిగాం. మూడో రోజు కేబుల్ కార్‌లో కొండెక్కాం. పైన దాదాపు పదమూడు వేల అడుగుల ఎత్తు. స్టేషన్ బయట ఒకావిడ గుర్రాలు అద్దెకిస్తోంది. అక్కణ్ణుంచి పసుప్పచ్చటి గడ్డిలో శిఖరం వైపు కాలిబాట. "జర మెల్లగ నడువుండ్రే, నాకు ఊపిరాడ్తలేదు" అంది అక్క. "అయితే ఈ బండ మీద కూర్చో అక్కా, ఆ మలుపు దాకా వెళ్ళి పావుగంటలో వచ్చేస్తాం" అన్నాను. కెప్టెన్ సందేహంగా చూసింది. "ఒక్కదాన్నే వదిలేసి ఎలాగే?" "చిన్నపిల్లా ఏంటి, పద!" అన్నాను. (ఆ పావుగంటలో శిఖరం ఫొటో ఒకటి తీసి ఆఫీస్ గ్రూప్‌లో పెట్టాలని నా ఆశ. ఆ సంగతి అప్పుడు చెప్పలేదు.)

మలుపు తర్వాత ఇంకో మలుపు వచ్చింది, ఆపైన మరొకటి. నలభై నిమిషాలయ్యాక శిఖరం వైపు ఫోన్ ఎత్తి ఫొటో నొక్కేసరికి లోయలోంచి మబ్బు లేచి వచ్చి మమ్మల్ని కమ్మేసింది. చెయ్యి చాస్తే వేళ్ళు కనబడటం లేదు. కెప్టెన్ నా బ్యాక్‌ప్యాక్ పట్టుకుంది, బాటని కాళ్ళతో తడుముకుంటూ దిగాం. బండ దొరికింది, దాని మీద అక్క వాటర్ బాటిల్ ఉంది. అక్క లేదు. "అక్కా!" అని గొంతు చిరిగేలా అరిచాం. ఆ మబ్బు మా అరుపుల్ని దూదిలా మింగేసింది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. బాటకి ఒక పక్క నిట్టనిలువు లోయ అని ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. వాళ్ళమ్మకి ఫోన్ చేసి ఏమని చెప్పాలి అన్న ఒక్క ఆలోచనే నా బుర్రలో తిరుగుతోంది.

స్టేషన్ వైపు పరుగెత్తాం. మొదట కనబడింది గుర్రాలావిడ. నలభై రోజుల చదువంతా కూడదీసుకుని, మా స్నేహితురాలు తప్పిపోయిందని చెప్పాను. "మి అమీగా ఎస్తా మువెర్తా!" ఆవిడ మొహం పాలిపోయింది. గుండెల మీద శిలువ గుర్తు వేసుకుని, నన్ను గట్టిగా కౌగిలించుకుని ఏడ్చేసింది. తప్పిపోతే ఇంత ఏడుస్తారా, అంటే ఈ కొండ మీద తప్పిపోయినవాళ్ళు మళ్ళీ దొరకరా అనిపించి, నేనూ భోరుమన్నాను. ఆవిడ కేకలకి ఇద్దరు గార్డులు స్ట్రెచర్, తెల్లదుప్పటి పట్టుకుని పరుగున వచ్చారు. వాళ్ళెందుకో టోపీలు తీసి మాకేసి తల వంచారు. "ఏం చెప్పావే వాళ్ళకి?" అంది కెప్టెన్.

వాళ్ళ విజిల్ శబ్దం వెంబడి మళ్ళీ పైకెక్కాం. బండ దగ్గర పదే పదే విజిల్ ఊదారు. కాసేపటికి ఎడమ పక్క గడ్డిలోంచి సన్నగా వినబడింది. "ఏయ్... ఈడున్న! ఈడున్ననే!" పొదచాటుకి వెళ్ళిందట (ఎందుకో నన్నడగకండి), లేచేసరికి మబ్బు కమ్మేసింది. కదిలితే ఎక్కడ పడతానోనని గడ్డి పట్టుకుని గంటకి పైగా అక్కడే కూర్చుండిపోయింది. ఆమెని చూడగానే గార్డుల్లో పెద్దాయన నావైపు తిరిగి "మువెర్తా?" అన్నాడు. నేను ఆనందంగా తలూపాను. ఆయన ఆకాశం వైపు చూసి, ఎందుకైనా మంచిదని అక్కని స్ట్రెచర్ మీద పడుకోబెట్టాడు. "నడుస్త అంటున్న గదా, నన్నెందుకు పండవెడుతున్రు?" అని అక్క గోల.

స్టేషన్‌లో సిగ్నల్ రాగానే కెప్టెన్ ఆ 'మువెర్తా' మాట ఫోన్‌లో వెతికింది. వెతికి నాకేసి చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు. "ఒసేయ్, అక్క చచ్చిపోయిందని చెప్పావే!"

అక్క నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. వేడి చాక్లెట్ కప్పు రెండు చేతుల్తో పట్టుకుని, "సచ్చిపోతననే అనుకున్న. నన్ను ఇడిచిపెట్టి ఎట్ల పోయినవే?" అంది. పక్కన కూర్చుని, మంచులా ఉన్న ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఫొటో కోసమే వెళ్ళానని ఒప్పేసుకున్నాను. అక్క అంది, "ఏదీ, జూపియ్ ఆ ఫొటో." చూపించాను. మొత్తం తెల్లగా ఉంది, మూలన నా బొటనవేలు. అప్పుడు నవ్వింది.

అక్క ఇప్పుడు కమ్మింగ్ అనే ఊళ్ళో ఉంటోంది. మొన్న అందరం పిల్లల్తో అక్కడి కొండలకి వెళ్ళాం. అందరికంటే వెనక, ఆయాసపడుతూ నడిచింది నేనే. పిల్లలంతా ముందుకి పరుగెత్తారు. అక్క మాత్రం అడుగడుక్కీ ఆగి, "రా రా, తొందరేం లేదు" అంటూ నాతోనే నడిచింది. కీటోలో అక్కని వదిలి అంత జోరుగా ముందుకి నడిచిన ఆ పిల్ల ఇప్పుడు ఎదురైతే తిట్టాలో, ముద్దుచెయ్యాలో నాకు తెలీదు. కాస్త ఆగవే, అని మాత్రం అంటాను.