శైల పాడుచేయని కంప్యూటర్

ఆరేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

శైల నా తోడికోడలు, మా మరిది భార్య. మాది తోటపల్లి గూడూరు దగ్గర రొయ్యల గుంటలున్న ఉమ్మడి కుటుంబం. ఇంట్లో ఒక డెస్క్‌టాప్ ఉండేది. పెళ్లికి ముందు కంప్యూటర్ డిప్లొమా చేశాను కాబట్టి దాన్ని చూసుకునేది నేనే. ప్రింటు కావాలన్నా, ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలన్నా వీధిలో వాళ్లంతా నన్నే వెతుక్కుంటూ వచ్చేవారు. ఆ ఇంట్లో నాదంటూ ఉన్నది అదొక్కటే అనుకునేదాన్ని.

శైల సర్వర్లు చూసుకునే ఉద్యోగానికి పరీక్ష రాస్తానంది. దానికి లినక్స్ రావాలి, అది విండోస్ లాంటిదే ఇంకో సిస్టమ్. ఇంట్లో వాడే విండోస్‌ను కదిలించడానికి లేదు. అందుకని ఫోన్‌లో వీడియోలు చూసి, వర్చువల్ మెషీన్ పెట్టుకుంది. అంటే కంప్యూటర్ లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్. మా ఫైళ్ల జోలికి అది రాదు. ఒక్క పూటలో లినక్స్ తెర మీదికి వచ్చేసింది. మా ఆయన వెనక నిలబడి చూసి, ఇన్నేళ్లలో నువ్వు ఇలాంటిదొక్కటి చేయలేదే అని నన్ను ఆటపట్టించారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కడుపు మాత్రం భగ్గుమంది.

ఎందుకంత మంట? ఆమె నన్ను తోసేసిందా? లేదే. నేను గదిలోకి వస్తే లేచి, కూర్చో అక్కా అనేది. అది ఇంకా కంటగింపుగా ఉండేది.

మర్నాడు పొద్దున ఆమె వంటింట్లో ఉండగా కంప్యూటర్ ఆన్ చేసి, విండోస్ రాకముందే సెట్టింగుల్లోకి వెళ్లాను. వర్చువలైజేషన్ అని ఒకటుంటుంది. దాన్ని ఆపేస్తే లోపలి మెషీన్ లేవదు. ఆపేశాను. ఇంకెవరూ అక్కడికి వెళ్లకుండా పాస్‌వర్డ్ కూడా పెట్టాను. రెండు నిమిషాల పని. నా చదువు అలా పనికొచ్చింది.

"అక్కా, నిన్న బాగానే వచ్చినాది గదా. ఇప్పుడు లేవడం లేదే!"

"పాత సిస్టమ్ శైలా. అంత బరువు ఎక్కిస్తే తట్టుకుంటాదా?"

"ఏందో సెట్టింగ్ మార్చమంటా ఉంది. అక్కడికి పోతే పాస్‌వర్డ్ అడగతా ఉంది."

"కొన్నప్పుడు షాపోళ్లు పెట్టుంటారు. మనకేం తెలుసు?"

ఆమె ముఖం పాలిపోయింది. "నేనే పాడుచేసినానా అక్కా?"

కాదు అంటే సరిపోయేది. పరీక్షకు ఇంకా నాలుగు రోజులున్నాయి. నేను పెదవి విప్పలేదు. తనే వెళ్లి, కంప్యూటర్ పాడుచేశానని ఇంట్లో అందరికీ చెప్పి ఏడ్చింది. నెల్లూరు వెళ్లి నేర్చుకుంటానని అడిగే ధైర్యం కూడా ఆమెకు మిగల్లేదు. పరీక్ష రాయలేదు. ఆ తేదీ దాటిపోయాక పాస్‌వర్డ్ తీసేసి, సెట్టింగ్ మళ్లీ ఎప్పటిలాగే పెట్టేశాను. ఎవరి కోసం పెట్టానో నాకే తెలియదు.

పోయిన వారం ఇంటికి కొత్త ల్యాప్‌టాప్ వచ్చింది. శైలను తెరవమన్నారు మా ఆయన. ఆమె చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

"నేను ముట్టుకోనులే బావా. అక్క చూసుకుంటాది."

ఆ మాట వినగానే సిగ్గుతో చచ్చిపోయానని రాస్తే బాగుంటుంది. కానీ ముందు హాయిగా అనిపించింది. సిగ్గు ఆ తర్వాత వచ్చింది. ఇది దాచుకుంటే చెప్పినదంతా వృథా.

శైల దేన్నీ పాడుచేయలేదు. ఈ మాట ఆమెకు చెప్పాలి, ఇంకా నోరు రావడం లేదు. మీకైతే చెప్పగలిగాను. ఆరేళ్లకు కాస్త ఊపిరి ఆడుతోంది. ఆమెకు మాత్రం ఇంకా అది తన తప్పే.